పదకొండు నిమిషాల కాల్

మార్చి 6, బుధవారం

ఈ పుస్తకం నాగజ్యోతిది. కాలేజీ వాళ్ళు ఇచ్చారు. ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలు రోజూ ఇందులో రాయాలంట. ఒక్కో పేజీలో మూడు గళ్ళు ఇంగ్లీషులో అచ్చేసి ఉన్నాయి. పై గడిలో ఈ రోజు చేసిన పని, కింది గడిలో నేర్చుకున్నది, చివర సంతకం. అదే చెప్పింది నాకు. నేను ఏడో తరగతితో బడి మానేశాను. తెలుగు వరకు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. తప్పులు పోతాయి. పోనీ, ఎవరు చూస్తారు.

ఫిబ్రవరి 21 దాకా నా బిడ్డ రాసింది. 22 పేజీలో తేదీ ఒక్కటే వేసుకుంది. ఆ పేజీ జోలికి నేను పోను. దాని తర్వాత పేజీ నుంచి రాస్తున్నాను.

పెద్దదినం అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. వాళ్ళ నాయన తెల్లవారకముందే గొర్రెలు తోలుకుని పోతున్నాడు. ఇంట్లో మాట అనేది లేదు. అందుకని రాస్తున్నాను.

పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. కట్లపాము కరిస్తే తెలియదంట. చీమ కుట్టినంత కూడా ఉండదంట. రెప్పలు వాలిపోతాయి, నిద్ర అనుకుంటారు, నిద్రలోనే పోతారు అన్నాడు. మా పిల్లకు తెలియదు. తెలిసి ఉంటే నాకు చెప్పేది. నా దగ్గర ఏదీ దాచదు.

ఆ రోజు, ఫిబ్రవరి 22న, గడ్డివామి దగ్గర బండ మీద కూర్చుని ఫోన్లు చేసుకుంది. మా ఇంట్లో సిగ్నల్ రాదు, అక్కడ ఒక్కచోటే వస్తుంది. రోజుకు నలభై మందికి చేయాలి. ఓటర్లకు, ఒక పార్టీ తరఫున. అదే దాని ఇంటర్న్‌షిప్. ఆ రోజు లిస్టులో ముప్పై ఏడు పేర్లకు టిక్కు పెట్టి ఉంది. ముప్పై ఎనిమిదో పేరుకు టిక్కు లేదు కానీ ఫోన్ చేసినట్టు ఫోన్‌లో ఉంది. రామతులసమ్మ, వయసు 74, పొదిలి. సాయంత్రం ఏడు గంటల ఇరవై నిమిషాలకు. పదకొండు నిమిషాలు మాట్లాడింది. అదే చివరిది. ఇంకా రెండు పేర్లు మిగిలాయి.

పని మిగల్చడం దానికి అలవాటు లేదు. సిగ్నల్ పోయి ఉంటుంది.

మార్చి 7, గురువారం

ఫోన్ ఛార్జింగ్ పెట్టాను. అంతే.

మార్చి 9, శనివారం

బండ దగ్గరికి వెళ్ళాను. వామి ఇప్పుడు లేదు, వాళ్ళ నాయన గడ్డంతా పీకి పారేశాడు. బండ ఉంది. ఫోన్ పట్టుకుని అలా నిలబడితే ఒకదాని మీద ఒకటి మెసేజీలు పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలు. ఒకటి మాత్రం మాట్లాడి పంపింది. వర్షిణి అంట. గుంటూరులో ఇంజనీరింగు చదువుతూ, ఈ పిల్లలందరికీ లీడరుగా ఉంటుందని నాగజ్యోతి చెప్పేది. ఎవరూ ఎవర్నీ చూడలేదు, అంతా ఫోన్లోనే.

"హాయ్ నాగజ్యోతీ, రెండు వారాల నుంచి నీ అప్‌డేట్ లేదు. ఎగ్జామ్సా? ఈ వారం కూడా కాల్స్ చేయకపోతే గ్రూప్‌లోంచి నీ పేరు తీసేయమంటున్నారు రా పైవాళ్ళు. ప్లీజ్, కొంచెం చూసుకో."

నాలుగుసార్లు విన్నాను.

మొన్న ఊరి సచివాలయం నుంచి వచ్చి రేషన్ కార్డులో పేరు తీయాలని ఆధార్ అడిగారు. కాలేజీ వాళ్ళు హాజరు పట్టీలో కొట్టేసి ఉంటారు. ఇందులో కూడా తీసేస్తే ఇక అది ఎక్కడ ఉన్నట్టు?

నేను అబద్ధం ఆడలేదు. బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కాను. అంతే. సాయంత్రానికి కొత్త లిస్టు వచ్చింది. తెలుగులోనే ఉంది, ఓటర్ల లిస్టు లాగ. పేరు, వయసు, ఊరు, నంబరు.

మార్చి 10, ఆదివారం

చెప్పాల్సిన మాటలు నాగజ్యోతి ఈ పుస్తకం అట్ట లోపలి వైపు రాసి పెట్టుకుంది. "నమస్కారమండీ, నేను నాగజ్యోతిని, స్టూడెంట్ వాలంటీర్‌ని మాట్లాడుతున్నాను. ఒక రెండు నిమిషాలు మీతో మాట్లాడొచ్చా? మీ ఊర్లో ముఖ్యమైన సమస్య ఏంటండీ?"

మొదటి నంబరు హలో అనగానే కట్ చేశాను. రెండోది కూడా. మూడో ఆమె వదలకుండా తిరిగి నాకే చేసింది. "ఎవరు మీరు? ఏంది, జేసి పెట్టేస్తాండారు?"

"నాగజ్యోతిని," అన్నాను.

ఆ పేరు నా నోట్లోంచి రావడం పదిహేడు రోజుల తర్వాత ఇదే.

"చెప్పు నాగజ్యోతీ," అంది ఆమె.

పద్నాలుగు మందికి చేశాను. ఎత్తింది తొమ్మిది మంది. ఆ లెక్క గ్రూపులో పెట్టాను. అంకెలు నాకు వచ్చు.

మార్చి 14, గురువారం

ఇవాళ ముప్పై ఒకటి.

గిద్దలూరులో గోవిందయ్య అని ఒక ముసలాయన. "ఏ పార్టీ అమ్మా నీది?" అన్నాడు. చెప్పాను. "అయితే మా ఇంటి ముందర లైటు ఏపిస్తావా?"

"నేను ఏపిచ్చలేను తాతా. రాసుకుంటా."

"రాసుకో. లైటు ఎలగక మూడేండ్లు. మొన్న చీకట్లో వస్తాంటే మా ఆడమనిషి నన్నే దొంగనుకోని చీపురుతో ఏసింది. అది గూడా రాసుకో. ఎన్ని దెబ్బలో గూడా చెప్పమంటావా?"

నవ్వు వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చుట్టూ ఎవరూ లేరు, అయినా పెట్టుకున్నాను.

"నవ్వుతాండావు, నీకేం, చిన్నపిల్లవి. ఏం చదువుతాండావు?"

"డిగ్రీ. రెండో సంవత్సరం."

"మీ నాయన ఏం జేస్తాడు?"

"గొర్రెలు తాతా."

"అమ్మ బాగుందా?"

"బాగుంది," అన్నాను.

జనం ఎక్కువగా నీళ్ళ గురించి చెబుతారు. ట్యాంకరు వారానికి ఒకసారి వస్తుంది అంటారు, ఆ నీళ్ళు తాగి మోకాళ్ళు పట్టేసినాయి అంటారు. అన్నీ రాసుకుంటున్నాను. నాకు మాట్లాడడం వస్తుందని నాకు తెలియదు. నాగజ్యోతి కూడా మొదట్లో భయపడింది. దాని స్నేహితులు ఒంగోలు కంపెనీలకు, హైదరాబాదుకు పోయారు ఇంటర్న్‌షిప్‌కని. మమ్మల్ని వదిలి పోలేక ఇంటి నుంచి చేసేది వెతుక్కుంది. నేను ఏనాడూ ఆ పని వద్దనలేదు.

మార్చి 15, శుక్రవారం

ఆ రోజు లిస్టులో ముప్పై ఎనిమిదో నంబరు, పొదిలి ఆమెది, చూశాను. చేయలేదు.

మార్చి 20, బుధవారం

ఎన్నికల తేదీ వచ్చింది. మే 13. అడిగే మాటలు మార్చి పంపారు. సమస్య ఏంటని అడగడం తీసేసి ఓటు అడగమన్నారు. అడుగుతున్నాను. ఏ పార్టీ గెలిస్తే నాకేంటి. పిల్ల పేరు మీద అడుగుతున్నాను.

ఈరోజు సాయంత్రం వాళ్ళ నాయన తొందరగా వచ్చాడు. గొర్రెల దొడ్డి తలుపు వేస్తున్న చప్పుడు వినిపించింది, తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను బండ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. ఆ మాటలు అన్నిసార్లు చెప్పి చెప్పి ఇప్పుడు దాని లాగే వస్తున్నాయి. అది 'అండీ' దగ్గర కొంచెం సాగదీసేది. నేను కూడా సాగదీస్తున్నాను, కావాలని కాదు.

తిరిగి చూస్తే ఆయన దొడ్డి దగ్గర నేల మీద కూలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. పక్కకు దొర్లింది.

"ఏమయ్యా, ఏమైంది?"

నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. "నువ్వా," అన్నాడు. "పిల్లనుకున్నానే," అన్నాడు.

అన్నం దగ్గర కూర్చుని కలపకుండా వదిలేశాడు. "ఇంగొకసారి ఆ మాటలు నాకు వినపడేట్టు మాట్లాడినావంటే ఆ ఫోను బాయిలో పడేస్తా."

"పిల్ల పని అది. మధ్యలో ఆపితే పేరు తీసేస్తారంట."

"యాడ పేరు?"

"గ్రూపులో."

నా వంక చూశాడు. నాకు మతి చెడిందేమో అని చూసే చూపు. నాకు తెలుసు ఆ చూపు.

మార్చి 21, గురువారం

ఆయన తొందరగా వచ్చాడు. దొడ్డి దగ్గర గొర్రెకు గిట్టలు చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఒకటే గొర్రె. నేను నలభై పూర్తి చేసేదాకా దాని గిట్టలే చూశాడు.



ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. మాకు లేదు. పక్కింటి లక్ష్మీనరసమ్మ పచ్చడి గిన్నె మా గడప బయట పెట్టి, పిలవకుండా వెళ్ళింది.

పండగ రోజని నలభైలో ముప్పై ఆరు మంది ఎత్తారు. ఒక ఆమె, "నీకూ మీ అమ్మకూ శుభాకాంక్షలు పాపా," అంది. "చెప్తానండీ," అన్నాను.

ఏప్రిల్ 16, మంగళవారం

వీడియో మీటింగు పెట్టారు. ఎలా చేరాలో తెలియక, వచ్చిన చోట నొక్కితే తెర మీద ఇరవై ముఖాలు పడ్డాయి. నా ముఖం కూడా పడింది. గబుక్కున ఫోన్ కెమెరాకు కొంగు అడ్డం పెట్టాను.

వర్షిణిని చూశాను. బక్కపలచటి పిల్ల, కళ్ళద్దాలు. వెనక ఆరేసిన బట్టలు కనబడుతున్నాయి. ఇంత చిన్నపిల్లా నన్ను నడిపించేది! ఒక్కొక్కరినీ ఏం నేర్చుకున్నారో చెప్పమంది. ఒక పిల్ల కాన్ఫిడెన్స్ అంది. ఒక అబ్బాయి డేటా అన్నాడు. తర్వాత, "నాగజ్యోతీ, నువ్వు చెప్పు. మైక్ ఆన్ చెయ్యి," అంది.

మైక్ బొమ్మ జోలికి పోలేదు.

"నాగజ్యోతీ? సిగ్నల్ లేనట్టుంది పాపం, విలేజ్ కదా. సరే, నేను చెప్తాను వినండి. తన కాల్స్‌లో జనం నాలుగేసి ఐదేసి నిమిషాలు ఉంటున్నారు. మనం ఒక్క నిమిషం నిలబెట్టలేకపోతున్నాం. షి ఈజ్ ద బెస్ట్."

అందరూ చేతులు చరిచే బొమ్మలు పెట్టారు. నాగజ్యోతి నాగజ్యోతి అని రాశారు. ఆ పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో నాకు గుర్తు.

నా బిడ్డను మెచ్చుకున్నారు.

అయినా అందరికన్నా ఎక్కువ మాట్లాడింది నేను కాదు. పదకొండు నిమిషాలు అదే మాట్లాడింది. ఎవరో తెలియని ముసలామెతో ఏం మాట్లాడి ఉంటుంది అంతసేపు? ఇంట్లో నాతో అన్ని నిమిషాలు ఎప్పుడు మాట్లాడింది?

ఆ పాము కాటు తెలియదని డాక్టరు చెప్పాడు. అన్నీ తెలిసిన డాక్టరు.

ఏప్రిల్ 24, బుధవారం

ఎండలకు మేత లేదు, వాళ్ళ నాయన మందను నల్లమల వైపు తోలుకుపోవాలి. ఈ ఏడు పోను అంటున్నాడు. "ఎందుకు పోవు?" అన్నాను. చెప్పడు. లక్ష్మీనరసమ్మ గోడ మీద నుంచి, "ఎందుకంటావేంది అత్తా, యల్లయ్య మామ సాయంత్రం ఆ ఫోన్ మాటలు ఇనకుంటే ఉండలేకపోతాండు," అంది. నాకు కోపం వచ్చింది.

ఆయన వచ్చాక అన్నాను. "ఊర్లో నవ్వుతాండారు. నువ్వు అడివికి పో."

"పోతా. పోయినాక ఈడ ఎవరున్నారని చేస్తావు ఫోన్లు?"

"పిల్ల కోసరం చేస్తాండా. పిల్లకు ఇష్టమైన పని."

"ఇష్టమైన పనా!" అని లేచాడు. "ఆ పని మాన్పిస్తానని దినామూ ఒర్లింది ఎవరు? మాపటేళ ఆడపిల్లకు ఎవరెవరితోనో మాటలేంది, ఊర్లో ఏమనుకుంటారు, ఒక్క పిసరు ఏదన్నా అయిందంటే ఆ రోజుతో సరి, ఫోను పొయిలో ఏస్తా అన్నది ఎవరే? రెండు దినాలు ఫోన్ వడ్లగాదెలో దాచిపెట్టింది ఎవరు? నేనా?"



ఆయన బయటికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. "నేను గూడా అడ్డం చెప్పలేదులే," అన్నాడు. చెంబుతో నీళ్ళు ఇచ్చాడు.

ఏప్రిల్ 25, గురువారం

వద్దనలేదని రాశాను ముందు పేజీల్లో. కొట్టేయాలని చూశాను. దాని పుస్తకంలో కొట్టివేతలు ఒక్కటీ లేవు. అందుకని ఉంచాను.

ఏప్రిల్ 26, శుక్రవారం

ఆ రోజు బండ దగ్గర నుంచి వచ్చి గడపలో నిలబడి "అమ్మా" అంది. నేను సంగటి గెలుకుతున్నాను. "ఇప్పటికి గుర్తొచ్చినానా? అండీలతో మాటలయినాయా?" అన్నాను. కొంచెంసేపు నిలబడింది. "నిద్రొస్తాంది," అని పోయి పడుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఫోన్ చూసి చూసి అట్ల అయినాయి అన్నాను.

ఎందుకు పిలిచిందో నేను అడగలేదు. ఊరికే పిలిచి ఉంటుంది. పిల్లలు ఊరికే పిలుస్తారు.

ఏప్రిల్ 27

40.

ఏప్రిల్ 28

40.

మే 3, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. వర్షిణి. మెసేజీ కాదు, నిజం కాల్. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పెట్టడానికి బండ మీదుగా పోతున్నాను, అలవాటుగా ఎత్తేశాను.

"హలో నాగజ్యోతీ!"

"నేను వాళ్ళ అమ్మను."

"అయ్యో ఆంటీ, నమస్తే. బాగున్నారా? నాగజ్యోతి లేదా?"

"గొర్రెల కాడికి పోయింది."

"ఓ! ఏం లేదాంటీ, సర్టిఫికెట్ మీద పేరు ఎలా రాయాలో కనుక్కుందామని. ఇంటిపేరు ముందా, వెనకా?"

"ఇంటిపేరు వద్దు. నాగజ్యోతి అంతే."

"సరే ఆంటీ. ఇంకొకటి చెప్పండి తనకి. పదకొండో తారీఖు సాయంత్రం ఆరుకి ప్రచారం బంద్. ఆరు తర్వాత ఒక్క కాల్ కూడా వెళ్ళకూడదు. ఫోన్లో ఉన్న లిస్టులు, నంబర్లు అన్నీ డిలీట్ చేసేయాలి. రూల్. లేకపోతే కేసవుతుంది."

"అన్నీనా?"

"పాతవి కూడా ఆంటీ."

ఫోన్ పెట్టేముందు, "ఆంటీ, మీ అమ్మాయి చాలా మంచిది. ఒక్కసారి కలవాలని ఉంది నాకు. ఎలక్షన్స్ అయ్యాక మీ ఊరు వస్తా," అంది.

"రా తల్లీ," అన్నాను.

బిందెలు ఖాళీగా తిరిగి తెచ్చాను. ట్యాంకరు వెళ్ళిపోయింది.

మే 6, సోమవారం

ఆ పొదిలి నంబరు రాసి పెట్టుకుంటే సరిపోతుంది. చేతి మీద రాసుకున్నాను. స్నానం చేసినప్పుడు పోయింది. పోతుందని తెలుసు.

ఏ పేరు చెప్పి చేయాలి ఆమెకు, ఆరు దాటాక? ఓటు అడగడానికి అంటే అర్థం ఉంది. ఊరికే చేస్తే, ఎవరు నువ్వు అంటుంది.

చేయకపోతే మాత్రం ఏమవుతుంది. డాక్టరు చెప్పిందే నిలబడుతుంది. మా పిల్లకు తెలియదు, నిద్రలో పోయింది. చేస్తే ఆమె ఇంకొకటి చెప్పొచ్చు. చెప్పకపోవచ్చు.

మే 10, శుక్రవారం

సర్టిఫికెట్ వచ్చింది ఫోన్లో. వాళ్ళ నాయన మార్కాపురం పోయి జిరాక్సు షాపులో రంగుల్లో తీయించి తెచ్చాడు. మడత పడకూడదని రెండు పలకల మధ్య పెట్టి తెచ్చాడు. అక్కడ పలకలు చేసే ఫ్యాక్టరీ దగ్గర అడిగాడంట. "దేనికి పెద్దాయనా?" అంటే, "మా పిల్లకు సర్టిపికెట్ వచ్చింది," అన్నాడంట. వాళ్ళు డబ్బులు తీసుకోలేదంట.

షాపులో ఇంగ్లీషు చదివించుకున్నాడు. జనవరి 20 నుంచి మే 11 వరకు నాగజ్యోతి ఈ పనిని శ్రద్ధగా చేసింది అని ఉందంట.

ఆ కాగితంలో నా బిడ్డ మే 11 దాకా ఉంది. ఇంకా ఒక్కరోజు ఉంది.

ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇటు చూడకుండా అన్నాడు. "ఆ పొదిలి నంబరు. నువ్వు జెయ్యకుంటే నేను జేస్తా."

ఆయనకు ఆ నంబరు గురించి నేను ఎప్పుడూ చెప్పలేదు.

మే 11, శనివారం

ఐదు గంటలకు బండ దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంట రాలేదు. దొడ్డి దగ్గర నిలబడ్డాడు.

ఇవాళ్టి లిస్టు చేయలేదు. ఫిబ్రవరి 22 లిస్టు తెరిచాను. ముప్పై ఎనిమిది. రామతులసమ్మ. ఎక్కువసేపు మోగింది. పోనీలే అనుకునేలోపు ఎత్తింది.

"నమస్కారమండీ, నేను నాగజ్యోతిని, స్టూడెంట్ వాలంటీర్‌ని..."

"కాదు."

"అండీ..."

"నువ్వు నాగజ్యోతివి కాదు. ఆ పిల్ల గొంతు నాకు ఎరికే. ఎవరమ్మా నువ్వు?"

రెండు నెలల్లో రెండు వేల మందికి ఆ పేరు చెప్పి ఉంటాను. కాదన్న మనిషి లేదు. బండ మీద నుంచి లేచి నిలబడ్డాను.

"వాళ్ళ అమ్మను."

"అట్ల చెప్పు. శ్రీశైలమ్మవా?"

నా పేరు. ఆమెకు ఎలా తెలుసు?

"మీ పిల్లే చెప్పిందిలే. కొడుకులు దుకాణం కాడికి పోతే నేనొక్కదాన్నే పడి ఉంటా. ఓటు సంగతి తర్వాత, అన్నం తిన్నావా అని అడిగినా. ఇంకా లేదవ్వా, మా అమ్మ శ్రీశైలమ్మ ఉలవచారు కాంచింది, ఇల్లంతా వాసనొస్తాది, ఇది అయినాక పోయి తింటా అనింది. నేనే వదల్లేదు పిల్లను. అదీ ఇదీ అడిగినా. మళ్ళా జేస్తా అవ్వా అనింది. జెయ్యలేదు. ఏది పాప? ఒకపారి ఇయ్యి."

గొర్రెల దగ్గర ఉందని చెప్పేదాన్నే. నోటి దాకా వచ్చింది. రాలేదు.

"లేదవ్వా. మా పాప లేదు. పోయింది."

ఎవరికీ చెప్పలేదు నేను ఆ మాట. అందరికీ ముందే తెలుసు, నేను చెప్పాల్సిన పని రాలేదు. ఎవరూ నన్ను అడగలేదు కూడా.

అవ్వ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత సన్నగా, "ఎప్పుడు?" అంది.

ఆ గొంతులో ఏదో ఉంది. అడ్డం చెప్పలేదులే అన్నప్పుడు వాళ్ళ నాయన గొంతులో ఉన్నది, నా గొంతులో ఉన్నది. నాకు ఎందుకో భయం వేసి, "ఉగాది ముందర. జ్వరమొచ్చి," అన్నాను.

"ఉగాది ముందరనా. ఆ పొద్దు కాదు గదా?"

"ఏ పొద్దవ్వా?"

"నాతో మాట్లాడిన పొద్దు."

"ఆ పొద్దు ఏమైంది?"

"మాటల్లో ఉన్నట్టుండి అబ్బా అనింది. ఏంది తల్లీ అన్నా. కాలికి ఏందో గుచ్చుకునింది అవ్వా, ముల్లేమో అనింది. యాడ కూర్చున్నావంటే గడ్డివామి కాడ అనింది. పురుగూ పుట్రా ఉంటాయి, పోయి మీ అమ్మకు చూపియ్ అన్నా. మా అమ్మకు చెప్తే రేపటాల్నుంచి ఈడికి రానీదు అవ్వా, ఈ పని మాన్పిస్తాది అనింది. మాన్పిస్తే మాన్పిచ్చనీ, ముందు చూపియ్ అని కోప్పడినా. సరే అవ్వా, పోతాండాలే అని పెట్టేసింది. ఆ యాల నుంచి నాకు మనసులో అదే. మా వాళ్ళకు చెప్తే, ముల్లేలే ముసలిదానా అని నవ్వినారు. శ్రీశైలమ్మా, అది కాదు గదా? ముల్లే గదా?"

ఆమె అడుగుతోంది. నాకు గడపలో "అమ్మా" వినిపిస్తోంది. చూపించడానికే వచ్చింది. తెలుసు దానికి. కాలు చూపించడానికి గడప దాకా వచ్చి, నా మాట విని తిరిగి పోయింది.

అవతల ముసలామె జవాబు కోసం కాచుకుని ఉంది. ఆమె పంపింది నా దగ్గరికి. ఆమె చేయాల్సింది చేసింది.

"ముల్లే అవ్వా," అన్నాను. "ఇంటికొచ్చి చూపిచ్చింది. నేనే తీసినా."

"తీసినావా? దేంతో తీసినావు?"

"పిన్నీసుతో."

"ఏడ్సిందా?"

"లేదు. దీపం కాడ ఒళ్ళో కాలు పెట్టుకోని తీసినా. మెల్లగా తియ్యమ్మా అని నన్నే తిట్టింది."

"తిట్టిందా," అంది అవ్వ. గొంతు అప్పటికి గాని కుదుటపడలేదు. "తిట్టనీలే. తల్లికి చూపిచ్చుకునింది. అది చాలు."